అరచేతికి అందని గోడ

భద్రమ్మ భయస్తురాలని ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఉరుము ఉరిమితే ఇంట్లో మూలకు చేరి చెవులు మూసుకుంటుంది. మద్దేడ్ సంతకు పోతే, హైవే దాటడానికి ఎవరో ఒకరి కొంగు పట్టుకోవాల్సిందే. ఎవరూ దొరక్కపోతే లారీలన్నీ పోయేదాకా రోడ్డు పక్కనే నిలబడుతుంది. లారీలన్నీ పోవడం అనేది ఆ రోడ్డు మీద జరగదు కాబట్టి, ఒకసారి సంత ముగిసేదాకా అక్కడే నిలబడి ఉప్పు కొనకుండానే ఇంటికొచ్చింది. ఇప్పపూలు ఏరడానికి పోయినప్పుడు పొద కదిలిందని ఎలుగుబంటి ఎలుగుబంటి అని అరిచి, అందులోంచి మేక బయటికొస్తే నోటికి చెంగు అడ్డం పెట్టుకున్న సంగతి ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పుకుంటారు. చెప్పినప్పుడు భద్రమ్మ కూడా నవ్వుతుంది.

అలాంటి మనిషి జన్మలో భయపడనిది ఒక్క గోడకే. కాబట్టి భద్రమ్మ గోడకు భయపడుతోందంటే ఊరు ఉలిక్కిపడాల్సింది. కానీ నవ్వడం అలవాటైన ఊరు, ఎప్పటిలాగే నవ్వింది.

మద్దేడ్ రోడ్డు దిగి, వాగు దాటి కొంత లోపలికి నడిస్తే వస్తుంది ఆ ఊరు. సగం దోర్ల గిరిజనుల ఇళ్లు, సగం ఎప్పుడో నదీ, రాష్ట్రం సరిహద్దూ దాటి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లు. ఎవరు ఏ భాష మాట్లాడినా గోడలు మాత్రం అందరివీ మట్టివే, వాటిలో చాలా గోడలు అప్పయ్య పెట్టినవే. అప్పయ్య భద్రమ్మ మొగుడు. ఎండాకాలం వస్తే అతనికి క్షణం తీరికుండదు. ఎర్రమన్ను తవ్వించి, నీళ్లు పెట్టి, వరిగడ్డి ముక్కలు కలిపి, బురద కాళ్లకు తీగలా సాగేదాకా తొక్కిస్తాడు. మోకాటి ఎత్తున ఒక వరస పెట్టి, అది ఆరాక దాని మీద ఇంకో వరస. తొందరపెట్టే ఇంటివాళ్లను చెడామడా తిట్టి పంపేస్తాడు.

గోడ పెట్టడం అతని పని, పూయడం ఆమె పని. పేడ, ఎర్రమన్ను కలిపి ఏడాదికి రెండుసార్లు చేత్తో పూస్తారు ఆ ఊరి ఆడవాళ్లు, వానలకు ముందొకసారి, కొత్త పంట ఇంటికొచ్చే కొత్తల పండుగకు ముందొకసారి. పూస్తున్నప్పుడు చెయ్యి గోడంతా తిరుగుతుంది కదా, ఎక్కడ గుల్లబారిందో, ఎక్కడ చెదలు పట్టాయో, ఎక్కడ చెమ్మ ఎక్కిందో అరచేతికి తగులుతుంది. ముసురు పట్టినప్పుడు భద్రమ్మ పొద్దున్నే లేచి మోకాటి ఎత్తులో గోడకు చెయ్యి ఆనించి చూస్తుంది. ఒకచోట మిగతా చోట్లకన్నా చల్లగా ఉంటే, అక్కడ గోడ నీళ్లు తాగుతోందని అర్థం. వెంటనే బయట కాలువ తీసి, చూరు సరిచేసి, మళ్లీ పూస్తుంది. వాళ్లమ్మ అలాగే చేసేది, ఆమె అమ్మా అలాగే చేసి ఉంటుంది. అది ఒక విద్య అని గానీ, పరీక్ష అని గానీ ఎవరూ అనుకోలేదు. పొద్దున్నే వాకిలి ఊడ్చినట్టే అదీ ఒక పని.

ఊరి అంగన్‌వాడీ కూడా మట్టిదే. సర్కారు భవనం మంజూరు అయ్యేదాకా అని ఊరంతా కలిసి కట్టుకున్న ఒక పొడవాటి గది. అప్పయ్య గోడలు పెట్టాడు, మగవాళ్లు గూనపెంకులు మోశారు, ఆడవాళ్లు పూశారు. అందులో పిల్లలకు వండిపెట్టే ఆయాగా భద్రమ్మను పెట్టారు. సర్కారు భవనం ఇంకా మంజూరు అవుతూనే ఉంది.

పోయినేడు వాగు మీద కల్వర్టు కట్టాక కొన్ని సిమెంటు బస్తాలు మిగిలాయి. వాటిని అంగన్‌వాడీకి ఇమ్మని పంచాయతీలో అడిగింది అప్పయ్యే. అతన్ని తప్పుపట్టలేం. జనాభా లెక్కలకు వచ్చిన వాళ్లు, ఇళ్ల సర్వేకు వచ్చిన వాళ్లు, వచ్చిన ప్రతి అధికారీ అతను కట్టిన గోడ ముందు నిలబడి 'కచ్చా' అని, అంటే పక్కాది కాదని, రాసుకుపోతుంటే చూసి చూసి అతని కడుపు రగిలిపోయింది. ఆ ఎండాకాలం అంగన్‌వాడీ గోడలకు లోపలా బయటా సిమెంటు పూత వేశాడు. దాని మీద నీలం రంగు, రంగు మీద మామిడిపండు బొమ్మ, అక్షరాలు. దూరం నుంచి చూస్తే బచేలి గనుల కంపెనీ క్వార్టర్స్‌లా ఉందన్నారు. అప్పయ్య మీసం దువ్వుకున్నాడు. ఆ వేసవిలోనే ఊళ్లో ఒక్కొక్కరే మద్దేడ్ నుంచి బస్తాలు తెచ్చుకుని తమ ఇళ్లకూ అతని చేతే సిమెంటు పూయించుకున్నారు. ఇంక ఏటా రెండుసార్లు పేడ పిసికే బాధ తప్పిందని ఆడవాళ్లు సంబరపడ్డారు. భద్రమ్మ కూడా సంబరపడింది, అబద్ధం ఎందుకు. తన ఇంటికి ఎప్పుడు వేస్తావని మొగుణ్ణి సతాయించింది కూడా. ఊరి వాళ్లకు వేసేసరికి వానలు రావడంతో వాళ్ల ఇల్లు మాత్రం ఆ ఏడు మిగిలిపోయింది, ఈ ఎండాకాలం బయటి పనులతో మళ్లీ మిగిలిపోయింది.

ఈ ఏడు వానలు మొదలైన కొన్నాళ్లకు, పిల్లలకు అన్నం పెడుతుంటే ఊర్మిల ఒక మాట అంది. ఊర్మిల దోర్ల పిల్ల, భద్రమ్మ ఎదురింట్లో ఉండే ముయె పెద్దకూతురు. నాలుగేళ్లుంటాయి. తిన్నాక ఆ పిల్ల ఎప్పుడూ వాగువైపు గోడకే చేరి, మామిడిపండు బొమ్మకు చెంప ఆనించి కునుకు తీస్తుంది.

"అవ్వా, గోడ సల్లగున్నది," అంది ఊర్మిల, హాయిగా కళ్లు మూసుకుని.

భద్రమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. చెయ్యి కడుక్కుని వెళ్లి మోకాటి ఎత్తులో గోడకు ఆనించింది. చల్లగా ఉంది. ఇంకోచోట ఆనించింది. అక్కడా చల్లగానే ఉంది. ఇంట్లోలాగా చెమ్మకు చల్లబడిందా, లేక సిమెంటు ఎప్పుడూ ఇలాగే ఉంటుందా? పొడిగానే కనిపిస్తోంది, గట్టిగానే ఉంది, నున్నగా ఉంది. ఆ నునుపు వెనక తన మొగుడు పెట్టిన మట్టి ఎలా ఉందో చెయ్యికి తెలియడం లేదు. పుట్టి బుద్ధెరిగాక గోడ మీద చెయ్యి పెట్టి ఏమీ తెలుసుకోలేకపోవడం ఆమెకు అదే మొదటిసారి. కళ్లకు గంతలు కట్టినట్టయింది.

ఆ సాయంత్రం మొగుడికి చెప్పింది. అతను నవ్వాడు. "లారీ అయిపోయింది, ఎలుగ్గొడ్డయిపోయింది, ఇగ గోడొచ్చిందా," అన్నాడు.

అంగన్‌వాడీ టీచరు సునీత నవ్వలేదు. బచేలిలో చదువుకున్న పిల్ల, పెద్దల మాట వినే రకం. ఆమె ఎవరెవరికో ఫోన్లు చేస్తే, కల్వర్టు చూడ్డానికి వచ్చిన సబ్ ఇంజనీరు దేవేంద్ర ఒక మధ్యాహ్నం అటు వచ్చాడు. బూట్లకు బురద. వేలి కణుపులతో గోడను తట్టి, చెవి పెట్టి విన్నాడు. పైనా కిందా చూశాడు.

"కూలుతదా సాబ్?" అని అడిగింది భద్రమ్మ.

దేవేంద్ర గోడను మళ్లీ ఒకసారి తట్టాడు. తర్వాత నెమ్మదిగా హిందీలో చెప్పాడు. "ఇటుకైతే మిషన్‌లో పెట్టి నొక్కిస్తానమ్మా, ఎంత బరువుకు పగులుతుందో తెలిసిపోతుంది. కాంక్రీటైనా అంతే. మీ మట్టిలో ఇసుక ఎంత, బంక ఎంత, ఎంత తడిస్తే ఎంత బరువు ఆపుతుంది, దాని మీద సిమెంటు వేస్తే లోపల ఏమవుతుంది, ఇవేవీ ఎవరూ చూసి పెట్టలేదు. వాగుకు ఇవతల మట్టి వేరు, అవతల మట్టి వేరు. మట్టిగోడ నీళ్లు తాగుతుంది, మళ్లీ వదిలేస్తుంది. సిమెంటు వేస్తే వదల్లేకపోతుందేమో. ఏమో అంటున్నాను, అవునని కాదు."

"మరి మా మట్టిని ఎందుకు నొక్కి చూడలేదు సాబ్?"

"ఎవరూ అడగలేదమ్మా," అన్నాడతను. ఆ మాటకు అతనికే సిగ్గేసినట్టుంది, తల దించుకున్నాడు.

ప్రమాదం అని రాస్తే ఆ రోజే గదికి తాళం పడుతుంది, పిల్లల అన్నం ఆగిపోతుంది. ఫరవాలేదని రాస్తే, రేపు ఏమైనా అయితే ఆ సంతకం అతని మెడకు చుట్టుకుంటుంది. దేవేంద్ర ఏమీ రాయలేదు. అప్పయ్య మట్టి తవ్వే గుంట నుంచి ఒక పెడ్డ తీసి పాలిథిన్ సంచిలో వేసుకున్నాడు, తెలిసిన కాలేజీకి పంపిస్తానన్నాడు. జాగ్రత్తగా ఉండమని చెప్పి బండెక్కాడు. గోడ విషయంలో జాగ్రత్త అంటే ఏం చేయాలో మాత్రం చెప్పలేదు, పాపం అతనికీ తెలిసి ఉండదు.

అసలు భయం అప్పటి నుంచి మొదలైంది భద్రమ్మకు. అంతవరకూ తనకు తెలియదుగానీ పెద్ద చదువులు చదివినవాళ్లకు తెలిసే ఉంటుందనుకుంది. లారీ ఎప్పుడు వస్తుందో తనకు తెలియకపోయినా, కొంగు ఇచ్చి దాటించేవాళ్లకు తెలుసు కదా, అలాగ. ఇప్పుడు ఎవరికీ తెలియదని తెలిసింది. అన్నం వండుతూ గోడ వంక చూసేది. పిల్లలు పాట పాడుతుంటే పాట వినిపించేది కాదు, గోడలో ఏమైనా చప్పుడవుతోందా అని చెవి అటే ఉండేది. ముసురు పట్టింది. వాగు ఎర్రగా పొంగింది. వంటకట్టెలన్నీ లోపలికి మోసి వాగువైపు గోడ వెంట నడుమెత్తు పేర్చింది, పిల్లలు అటు పోకుండా.

ముయె చంకలో పసిగుడ్డుతో ఊర్మిలను దించడానికొచ్చి ఆ కట్టెల గోడను చూసింది. "ఏంది అవ్వా, గోడ కరుస్తదా?" అని పగలబడి నవ్వింది. ముయె అలా నవ్వితే చంటిది కూడా ఉలిక్కిపడి నవ్వింది.

అప్పయ్యకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మధ్యాహ్నం కంచం ముందు నుంచి లేచిపోయాడు. "మీసం మొలిచినకాణ్ణుంచి గోడలు పెడుతున్న. ఒక్కటి ఒరిగిందా? నా పెండ్లామే నా గోడ కూలుతదని ఊరంత చాటుతాంది. ఇగ నన్నెవడు పిలుస్తడే?"

"గోడ నువ్వు పెట్టినప్పుడు మంచిగనే ఉండె," అంది భద్రమ్మ. "ఇప్పుడెట్లున్నదో నాకు తెలుస్తలేదు. నీకు తెలుస్తాందా? గా సిమెంటు జర్రంత తియ్యి, చెయ్యి పెట్టి చూస్త. మంచిగుంటె నీ కాళ్లు మొక్కుత."

"పక్కాగున్నదాన్ని పగలగొట్టి మళ్ల కచ్చా చెయ్యమంటవా?" అన్నాడతను. గొడ్డలి తీసుకుని పొలం వైపు వెళ్లిపోయాడు.

ఆ మర్నాడు వాన తెరిపి ఇవ్వకుండా కురిసింది. పిల్లలు తిన్నారు. కంచాలు కడిగి లోపలికొచ్చిన భద్రమ్మకు ఊర్మిల కనిపించలేదు. వాకిట్లో లేదు. వంటచోట లేదు. సునీత బియ్యం డబ్బాల వెనక చూసింది, లేదు. భద్రమ్మ చూపు కట్టెల మీద పడింది. కట్టెలకూ గోడకూ మధ్య చిన్నపిల్ల దూరేంత సందు ఉంది. అందులో దూరి, మామిడిపండు బొమ్మకు చెంప ఆనించి నిద్రపోతోంది ఊర్మిల. ఆ పిల్లను గోడకు దూరం పెట్టడానికి పేర్చిన కట్టెలే, ఆ పిల్ల గోడను ఆనుకుని ఉన్న సంగతి కనబడకుండా చేశాయి.

భద్రమ్మ కట్టెలు లాగి పారేసి పిల్లను ఎత్తుకుంది. పిల్ల చెంప తడిగా ఉంది. చెంపంతా నీలం రంగు అంటుకుని ఉంది.

ఎండిన గోడ రంగు చెంపకు అంటదు. జన్మంతా మేకలకూ ఉరుములకూ అరిచిన భద్రమ్మ ఈసారి అరవలేదు. పిల్లను సునీత చేతుల్లో పెట్టి, "మా ఇంటికి. అందరిని. జల్ది," అంది.

"ఇంత వానలనా అత్తా?"

"వాన చంపదు బిడ్డా."

సునీత పిల్లల్ని లేపింది. పాలిథిన్ పట్టాలు కప్పి వరసగా బయటికి నడిపించింది. గది ఖాళీ అయ్యాక భద్రమ్మ తలుపు దగ్గరున్న గడ్డపార తీసుకుంది. పారిపొమ్మని ఒళ్లంతా చెబుతోంది. కానీ చూడకుండా పోతే రేపు మళ్లీ నవ్వుతారు, మళ్లీ పిల్లలను తెచ్చి ఇక్కడే కూర్చోబెడతారు. మోకాటి ఎత్తులో, బొమ్మ కింద, మెల్లగా ఒక పోటు వేసింది. సిమెంటు పూత పెనం మీద నుంచి రొట్టె లేచినట్టు పెద్ద చెక్కగా ఊడింది. లోపల ఎర్రమన్ను ఎర్రగా లేదు. నల్లగా, నీళ్లు కారుతూ, కుళ్లిన గడ్డి కంపు కొడుతోంది. ఆమె చెయ్యి పెట్టింది. అరచెయ్యి ఆగాల్సిన చోట ఆగలేదు. వేళ్లు పోయాయి, చెయ్యి పోయింది, మణికట్టు దాకా అంబలిలోకి దిగినట్టు దిగిపోయింది.

పిల్లలు తన ఇంటికి రావడం చూసి అప్పయ్య తిట్టుకుంటూ పరుగున వచ్చాడు. "ఏం పాడుపని చేస్తున్నవే..." అని గడప దాటాడు. భద్రమ్మ గడ్డపార పక్కన పడేసింది. అతని చెయ్యి పట్టుకుని ఆ బెజ్జంలో పెట్టింది.

అప్పయ్య చెయ్యి బయటికి తీసుకుని చూసుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి తాను తొక్కించిన మట్టి జారిపోతోంది. అతని ముఖంలో భయం ఎలా ఉంటుందో భద్రమ్మ అప్పటిదాకా చూడలేదు. భార్య రెక్క పట్టుకుని బయటికి ఈడ్చాడు. ఇద్దరూ వాకిలి దాటి బురదలో పడ్డారు. వెనక ఉరుములాంటి చప్పుడేదీ రాలేదు. తెరిచిన తలుపులోంచి చూస్తుండగా మామిడిపండు బొమ్మ ముందుకు ఉబ్బింది, గోడ ఉన్నచోటనే కూలబడింది, దాని మీదికి దూలాలూ పెంకులూ గలగలమని రాలాయి. వంటకట్టెలు దాని కింద ఎక్కడో ఉన్నాయి. అంతే, మళ్లీ వాన చప్పుడు.

ఊరంతా వచ్చి నిలబడింది. ఎవరూ నవ్వలేదు. ముయె ఊర్మిలను పట్టుకుని, నీలం అంటిన చెంపను కొంగుతో తుడుస్తూనే ఉంది, రంగు పోయినా తుడుస్తూనే ఉంది. అప్పయ్య బురదలోంచి లేవలేదు. ఊరి ఇళ్లను ఒక్కొక్కటిగా చూస్తున్నాడు. సిమెంటు పూసి, రంగు వేసి, ముచ్చటగా నిలబడ్డ ఇళ్లు.

"ఎన్ని ఇండ్లకేసిన్నే," అన్నాడు. "అన్నిటికి నేనే వేసిన."

సునీత దేవేంద్రకు ఫోన్ చేసింది. లైను తెగుతూ కలుస్తూ ఉంది. పూత తీయబోతే తడిసిన గోడ మీద పడే దెబ్బకు ఏమవుతుందో తెలియదు, పూత తీయకుండా ఉంచితే ఏమవుతుందో తెలియదు, అన్నాడు. ఆ మట్టిపెడ్డ కాలేజీకి చేరిందట. ఒక్క పెడ్డతో ఏం తేలుతుంది, అదే మట్టితో గోడలు పెట్టి, తడిపి, ఆరబెట్టి, సిమెంటు వేసి ఒకటీ వేయక ఒకటీ, ఏళ్ల తరబడి చూడాలని కాలేజీవాళ్లు అన్నారట. లోపల మాత్రం ఎవరూ ఉండొద్దని చెప్పాడు. లోపల ఉండకపోతే ఈ వానలో ఎక్కడుండాలో అడగబోయేసరికి లైను పోయింది.

సందులో మొదటి పిలుపు ముయెదే. "అవ్వా, మా ఇంటికి రా. జర చెయ్యి పెట్టి చూడు."

భద్రమ్మ వెళ్లింది. ఊరంతా వెనకే వచ్చింది. ముయె ఇంటి గోడ ఆకుపచ్చ రంగు, పోయినేడు ఎండాకాలం అప్పయ్య సిమెంటు పూసిందే. దాని పక్కనే చంటిదాని ఉయ్యాల వేలాడుతోంది. భద్రమ్మ మోకాటి ఎత్తులో చెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. గట్టిగా, నున్నగా, పొడిగా ఉంది. అంతకుమించి ఆ గోడ ఏమీ చెప్పలేదు.

"ఈ రాత్రి పండుకోవచ్చా అవ్వా?" అని అడిగింది ముయె.

ఏం కాదు అనేయొచ్చు. తనకు అందరూ చెప్పిన మాటే అది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంజనీరు ఆ రోజు ఏమీ రాయకుండా ఎందుకు వెళ్లాడో భద్రమ్మకు అప్పుడు అర్థమైంది.

"నాకు తెల్వదు ముయె."

"నీకే తెల్వకపోతె ఇంకెవరికి తెలుస్తది?"

భద్రమ్మ పసిదాన్ని ఉయ్యాలలోంచి తీసి భుజాన వేసుకుని, పూత పూయని తన ఇంటి వైపు అడుగు వేసింది. వెనక ఏదో లాగినట్టయింది. ముయె ఒక చేత్తో ఊర్మిలను పట్టుకుని, రెండో చేత్తో భద్రమ్మ కొంగు పట్టుకుంది, రోడ్డు దాటేటప్పుడు భద్రమ్మ ఎవరి కొంగైనా పట్టుకున్నంత గట్టిగా. ముయె వెనక సందు పొడుగునా చాపలూ దుప్పట్లూ నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు నిలబడ్డారు, తమ ఇంటికి ఎప్పుడొస్తుందా అని ఆమె చేతి వంకే చూస్తూ.

ఇన్నాళ్లూ తన మాట ఎవరూ నమ్మరని భయపడింది భద్రమ్మ. ఇప్పుడు అందరూ నమ్మారు. ఇంత భయం ఆమె ఎన్నడూ ఎరగదు.